బిస్కెట్ డబ్బాలో దొరికిన పాత పోకీమాన్ కార్డులు: అసలువేవో, నకిలీవేవో, విలువ ఎంతో తేల్చడం ఎలా?

సాగర్_ఎడమకాలువ (మిర్యాలగూడ) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా పెద్దన్న 1998లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికాలోని టెక్సాస్‌కు వెళ్లి, 2002లో కుటుంబంతో సహా మిర్యాలగూడకు తిరిగి వచ్చాడు. అప్పటికి బడికి వెళ్లే వయసులో ఉన్న అన్న కొడుకు, అక్కడ కొనుక్కున్న పోకీమాన్ కార్టూన్ బొమ్మల ఆట కార్డులను వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడికి వచ్చాక, ఆ కార్టూన్ మన టీవీల్లో మొదలైన రోజుల్లో, బస్టాండు దగ్గరి కిరాణా దుకాణాల్లో ఐదు రూపాయలకో ప్యాకెట్ చొప్పున అమ్మిన కార్డులను కూడా కొని, అన్నింటినీ కలిపి ఒకే బిస్కెట్ డబ్బాలో వేశాడు. ఇప్పుడు పాత ఇల్లు విప్పి కొత్తది కడుతున్నాం గనుక అటక మీది సామానంతా దించగా ఆ డబ్బా బయటపడింది. అన్న కొడుకు ప్రస్తుతం బెంగళూరులో ఉన్నాడు. ఫోన్ చేసి అడిగితే, "కాకా, నువ్వే చూసి ఏం చెయ్యాలో చెయ్యి" అన్నాడు.

డబ్బాలో సుమారు మూడు వందల కార్డులున్నాయి. కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచడం వల్ల, ఇన్నేళ్ల ఎండలకు రబ్బరు మెత్తబడి కట్టల పైన, కింద ఉన్న కార్డులకు అంటుకుపోయింది. వాటిలో నా దృష్టికి వచ్చినవి కొన్ని చెబుతాను. కింద కుడి మూలలో 4/102 అని ఉన్న చారిజార్డ్ అనే బొమ్మ కార్డు ఒకటి ఉంది. దాని బొమ్మ మెరుస్తుంది. 8/102 అని ఉన్న మచాంప్ మీద బొమ్మకు ఎడమవైపు దిగువన గుండ్రని నల్లటి "ఫస్ట్ ఎడిషన్" ముద్ర ఉంది. 11/64 అని ఉన్న స్నోర్లాక్స్ ఒకటి, పూర్తిగా బంగారు రంగులో మెరిసే పలుచని కార్డులు పదీ పన్నెండు ఉన్నాయి.

తెలిసినవారి ద్వారా హైదరాబాద్ నుంచి ఒక యువకుడు మాట్లాడి, ఫోటోలు చూసి, డబ్బా మొత్తానికి పదిహేను వేల రూపాయలు ఇస్తానని, ఆదివారంలోగా ఏదో ఒక మాట చెప్పమని అడిగాడు. ఈ కార్డులు లక్షలు పలుకుతాయని వార్తల్లో చదివిన మా వదిన ఒప్పుకోవడం లేదు. నాకు ఈ విషయంలో ఏమీ తెలియదు. అసలు కార్డులను నకిలీవాటి నుంచి ఎలా వేరు చేయాలి, దేనికి ఎంత విలువ కట్టాలి, అంటుకున్న రబ్బరును ఎలా తీయాలి అన్నవి అనుభవమున్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

పాలమూరు_కార్డులు (మహబూబ్‌నగర్):

అన్నా, ముందుగా ఆ ఆదివారం గడువును లెక్కలోకి తీసుకోకండి. ఆ యువకుడు మోసగాడని నేను అనడం లేదు. పదిహేను వేలు సరైన ధర కావచ్చు, ఎక్కువ ధరే కావచ్చు. కానీ డబ్బాలో ఏమున్నదో మీకు తెలియకుండా ఆ మాట చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. కార్డులను గుర్తించడం మొదటి పని, విలువ కట్టడం రెండో పని, అమ్మాలా వద్దా అన్నది ఆ తరువాతి మాట. ఈ వరుస తప్పితే నష్టపోయేది ఎప్పుడూ అమ్మేవారే.

ప్రతి కార్డుకు కింది కుడి మూలలో ఉండే అంకెతో మొదలుపెట్టండి. 4/102 అంటే 102 కార్డులున్న సెట్‌లో నాలుగోది అని అర్థం. అది 1999 జనవరిలో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ అమెరికాలో ఆంగ్లంలో విడుదల చేసిన మొదటి సెట్. జపాన్‌లో ఈ ఆట 1996 అక్టోబరులోనే వచ్చింది. ఈ మొదటి సెట్‌కు ప్రత్యేక గుర్తు అంటూ ఏదీ లేదు. ఆ తరువాత వచ్చిన సెట్లకు మాత్రం బొమ్మ కింద కుడివైపున చిన్న గుర్తు వేశారు: 64 కార్డుల జంగిల్ సెట్‌కు పువ్వు, 62 కార్డుల ఫాసిల్ సెట్‌కు ఎముకల పంజా, 2000లో వచ్చిన టీమ్ రాకెట్ సెట్‌కు ఆంగ్ల "ఆర్" అక్షరం. ఆ ఏడాదే మొదటి సెట్ కార్డులను కొన్ని జంగిల్ కార్డులతో కలిపి 130 కార్డుల బేస్ సెట్ 2గా మళ్లీ అచ్చు వేశారు. అందుకే 4/130 అంకె ఉన్న చారిజార్డ్‌ను 4/102 ధరకు అంటగట్టే ప్రయత్నాలు తరచుగా జరుగుతాయి. బొమ్మ ఒకటే, కార్డు వేరు. అంకె పక్కన ఉండే చిన్న గుర్తు ఎంత అరుదో చెబుతుంది: వృత్తం ఉంటే విరివిగా దొరికేది, డైమండ్ ఉంటే కొంచెం తక్కువగా దొరికేది, నక్షత్రం ఉంటే అరుదైనది.

ఇక మీ చారిజార్డ్ సంగతి. మొదటి సెట్‌ను ఒకేసారి అచ్చు వేయలేదు. తొలి విడతలో బొమ్మకు ఎడమవైపు కింద "ఫస్ట్ ఎడిషన్" ముద్ర ఉంటుంది. దాని వెనువెంటనే ముద్ర లేకుండా వచ్చిన విడతను సేకరణదారులు షాడోలెస్ అంటారు, ఎందుకంటే బొమ్మ చట్రానికి కుడివైపున నీడ గీత ఉండదు. తరువాత లెక్కకు మించి అచ్చయిన అన్‌లిమిటెడ్ విడతలో ఆ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. నీడ ఉన్నదో లేదో కంటికి తేలకపోతే అట్టడుగున ఉన్న కాపీరైట్ వరుసను చదవండి. తొలి రెండు విడతల్లో "1995, 96, 98, 99" అని నాలుగు సంవత్సరాలు వేసి, ఆ తరువాత విజార్డ్స్ పేరుతో 1999 అని ఉంటుంది. అన్‌లిమిటెడ్‌లో మొదటి వరుస "1995, 96, 98" తోనే ఆగిపోతుంది. ఆ ఒక్క "99" ఉండటం, లేకపోవడం ధరను ఎన్నో రెట్లు మారుస్తుంది గనుక అన్నింటికంటే ముందు దాన్నే చూడండి.

మచాంప్ విషయంలో ఆశ పెంచుకోకండి. ఆ సెట్‌లో మచాంప్ కార్డు చిల్లర ప్యాకెట్లలో రాలేదు. ఇద్దరు ఆడుకునే ప్రారంభ పెట్టెలో, పెట్టెకు ఒకటి చొప్పున ఇచ్చారు. వాటిలో దాదాపు అన్నింటి మీద ఫస్ట్ ఎడిషన్ ముద్ర అలాగే ఉండిపోయింది. ముద్ర చూసి అపురూపమనుకుని దాచుకున్నవారు, అలా నమ్మించి అమ్మేవారు ప్రపంచమంతటా ఉన్నారు. పెద్ద ధర ఉండదు, కానీ అది అసలు కార్డే కావచ్చు, పారేయకండి.

రబ్బరు అంటుకున్న కార్డులను దయచేసి గోకవద్దు, తడిగుడ్డతో తుడవద్దు, రసాయనాలేవీ పూయవద్దు. ఈ రాత్రికి చేయవలసిందల్లా మిగిలిన బ్యాండ్లను కత్తెరతో తెంపి తీయడం ఒక్కటే. లాగితే అంచు చిరుగుతుంది.

అచ్చుయంత్రం (నల్లగొండ):

నేను కార్డులు సేకరించేవాణ్ణి కాదు. నల్లగొండలో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాను. మా మేనల్లుడి కోసం ఇలాంటి కార్డులు కొన్ని లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న అద్దం) కింద పెట్టి చూశాను గనుక కాగితం, సిరా గురించి నాకు తెలిసినది చెబుతాను. నకిలీని పట్టుకోవడానికి అచ్చుపని తెలిసిన కన్ను చాలా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ ఒకటి సంపాదించండి. స్టేషనరీ దుకాణాల్లోని మామూలు భూతద్దం చాలదు. గడియారాలు బాగుచేసేవారి దగ్గర ఉండే అద్దమైనా పనికొస్తుంది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చులో ఒక్కో రంగు ప్లేటును ఒక్కో కోణంలో అమరుస్తారు. అందువల్ల బొమ్మను దగ్గరగా చూస్తే రంగు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి, ఒక క్రమంలో కనిపిస్తాయి. ఇంతవరకు నకిలీలోనూ కనిపించవచ్చు. అసలు తేడా అక్షరాల దగ్గర బయటపడుతుంది. కంపెనీ వేసిన కార్డులో నల్ల అక్షరాలు నల్ల ప్లేటు నుంచి నేరుగా వస్తాయి గనుక అంచులు కత్తిరించినట్టు నిండు నలుపుతో ఉంటాయి. అసలు కార్డును స్కాన్ చేసి తీసిన నకలులో అక్షరం కూడా బొమ్మలో భాగమైపోతుంది. లూప్ కింద అది నీలం, ఎరుపు, పసుపు చుక్కలుగా విడిపోయి, అంచులు గరుకుగా కనిపిస్తాయి. దాడుల పేర్ల కింద ఉండే సన్నని వివరణ వాక్యాన్ని, కాపీరైట్ వరుసను చూస్తే ఈ సంగతి నిమిషంలో తేలిపోతుంది.

తరువాత అట్ట. ఈ కార్డుల అట్ట ఒకే పొర కాదు; రెండు తెల్లని పొరల మధ్య కాంతిని ఆపే ముదురు పొర ఉంటుంది. కార్డును నిలువుగా పట్టుకుని అంచును లూప్‌తో చూస్తే మధ్యలో సన్నని నల్లటి గీత కనిపించాలి. చింపి చూడమని కొందరు చెబుతారు. ఆ పని ఎన్నడూ చేయకండి. చీకటి గదిలో కార్డు వెనుక ఫోన్ టార్చ్ పెట్టి చూడటం మరో పద్ధతి, కానీ ఒక్క కార్డును చూసి తీర్పు చెప్పకూడదు. అసలుదని తెలిసిన మామూలు ఎనర్జీ కార్డు (పోకీమాన్ బొమ్మ లేకుండా శక్తి గుర్తు ఉండేది) ఒకటి అదే సెట్‌లోది తీసుకుని, దాని పక్కన అనుమానమున్న కార్డును పెట్టి, రెండింటి నుంచి వెలుతురు ఎంత వస్తున్నదో పోల్చండి. కిరాణా దుకాణాల్లో అమ్మిన పలుచని అట్ట నుంచి వెలుతురు ధారాళంగా వస్తుంది.

కొలత కూడా చూడండి. అసలు కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. నకిలీలు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండటం మామూలే. ఇంకో ప్రమాదం ఏమిటంటే, అసలు కార్డుకు నలిగిన అంచును కటింగ్ మిషన్‌లో పెట్టి సన్నగా కోసి కొత్తదానిలా చూపేవారు ఉన్నారు. అప్పుడు మూలలు పదునుగా ఉంటాయి, కొలత తగ్గుతుంది. అలాంటి కార్డు అసలుదే అయినా దానికి సేకరణ విలువ పోయినట్టే.

ఆ బంగారు కార్డుల సంగతి లూప్ లేకుండానే చెప్పవచ్చు. ప్లాస్టిక్ రేకు మీద బంగారు రంగు పూసిన వాటిని బొమ్మల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ పెట్టెల లెక్కన అమ్ముతున్నారు. కంపెనీ అనుమతితో వచ్చిన బంగారు రంగు కార్డులు లేకపోలేదు: 1999లో బర్గర్ కింగ్ హోటళ్లు పోకీ బంతి ఆకారపు డబ్బాల్లో అమ్మినవి, 2021లో పాతికేళ్ల పండుగ పెట్టెలో వచ్చిన లోహపు పికాచూ, చారిజార్డ్. రెండూ బరువైన లోహపు ముక్కలు, వంగే రేకులు కావు. మీవి మిర్యాలగూడలో కొన్నవైతే పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేయండి.

జోగులాంబ_ముంగిట (గద్వాల):

పై ఇద్దరూ మంచి విషయాలు చెప్పారు. నిల్వ గురించి నేను రెండు మాటలు చేరుస్తాను. మన ప్రాంతపు వేసవిలో రేకుల షెడ్డులోనో డాబా మీది గదిలోనో ఉంచిన మెరుపు కార్డులు విల్లులా వంగిపోతాయి, ఎందుకంటే మెరిసే పొర తేమను పీల్చదు, దాని వెనుక కాగితం పీలుస్తుంది, వదులుతుంది. మంచి కార్డులను ఒక్కొక్కటిగా పలుచని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ పైన గట్టి తొడుగులో దింపి, గోద్రెజ్ బీరువా కింది అరలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఫోటోల ఆల్బమ్‌లలో వాడే మెత్తని పీవీసీ పేజీలు కొన్నేళ్లకు జిడ్డెక్కి బొమ్మకు అంటుకుంటాయి గనుక వాటిని వాడకండి. గోడకు ఆనించి పెట్టిన డబ్బాకు చెద పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

రబ్బరు మరకకు దూదిని పెట్రోలులో ముంచి తుడిస్తే పోతుంది. మేము తపాలా బిళ్లల వెనుక జిగురుకు అలాగే చేసేవాళ్లం.

పాలమూరు_కార్డులు (మహబూబ్‌నగర్):

గద్వాల అన్నగారి నిల్వ సూచనలన్నీ సరైనవే, కానీ పెట్రోలు విషయంలో నేను గట్టిగా విభేదిస్తున్నాను. తపాలా బిళ్ల వెనుక భాగం వేరు, వార్నిష్ పూసిన కార్డు ముఖం వేరు. పెట్రోలు వార్నిష్ మెరుపును చంపి, ఏటవాలు వెలుతురులో కనిపించే మసకను మిగులుస్తుంది. రబ్బరు మరకతో ఉన్న కార్డును కొనేవాడు మరక చూసి ధర తగ్గిస్తాడు. తుడిచిన కార్డును చూసి మార్పులు చేసిన సరుకని మొత్తానికే పక్కన పెడతాడు. కార్డు అసలుదో కాదో చూసి దాని స్థితికి అంకె వేసే గ్రేడింగ్ సంస్థలు కూడా అలాంటి కార్డుకు అంకె ఇవ్వకుండా తిప్పి పంపుతాయి.

సాగర్_ఎడమకాలువ (మిర్యాలగూడ):

అందరికీ కృతజ్ఞతలు. ఊళ్లో గడియారాల దుకాణం వారి దగ్గర లూప్ తీసుకుని కార్డులన్నీ వరుసగా చూశాను. అక్షరాల అంచులు చూసే పద్ధతి అద్భుతంగా పని చేసింది. కొంతసేపటికి లూప్ లేకుండానే చేతికి అట్ట తేడా తెలియసాగింది. కిరాణా దుకాణం కార్డులు తొంభైకి పైగా తేలాయి. వాటిలో కొన్నింటి మీద పోకీమాన్ అన్న ఆంగ్ల పేరులో నాలుగో అక్షరం మీద ఉండవలసిన ఏటవాలు గీత లేదు, ఒకదాని మీద హెచ్‌పీ (ఆటలో ఆ బొమ్మకుండే ప్రాణబలం) 900 అని ఉంది, వెనుక వైపు నీలం ఊదాగా దిగింది. బంగారు కార్డులన్నీ అందులోకే చేరాయి.

మిగిలినవాటిలో చారిజార్డ్ అసలుదేనని అనిపిస్తున్నది. మెరుపు బొమ్మ ఉన్న గడి వరకే ఉంది, కింద అక్షరాల భాగంలో లేదు. హెచ్‌పీ 120 అని, చిత్రకారుడిగా మిత్సుహిరో అరిటా పేరు ఉన్నాయి. అయితే బొమ్మ కుడివైపున నీడ ఉంది, కాపీరైట్ వరుసలో 99 లేదు. వెనుక నాలుగు అంచుల్లోనూ నీలం లేచి తెలుపు కనిపిస్తున్నది, పై ఎడమ మూలలో గోరంత మడత ఉంది. ముందు వైపు పసుపు అంచును స్కేలుతో కొలిస్తే ఎడమవైపు సుమారు 3 మిల్లీమీటర్లు, కుడివైపు 2 మిల్లీమీటర్లు వచ్చింది.

స్నోర్లాక్స్ గురించి ఒక సందేహం. మీరు చెప్పిన పువ్వు గుర్తు దాని మీద లేదు. అంకె మాత్రం 11/64 అనే ఉంది, బొమ్మ మెరుస్తున్నది, అట్ట, అక్షరాలు రెండూ అసలువే. ఇది నకిలీయా? ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉన్న జంగిల్ కార్డులు ఇరవై వరకు ఉన్నాయి గానీ వాటిలో మెరిసేవి లేవు. రబ్బరు అంటిన కార్డులన్నీ అదృష్టవశాత్తు కిరాణావే.

పాలమూరు_కార్డులు (మహబూబ్‌నగర్):

స్నోర్లాక్స్ నకిలీ కాదు, సంతోషించవలసిన విషయం. జంగిల్ సెట్‌లో మొదటి పదహారు అంకెలు మెరిసే కార్డులవి. అవే బొమ్మలు మెరుపు లేకుండా 17 నుంచి 32 వరకు మళ్లీ వస్తాయి. అన్‌లిమిటెడ్ విడతలో కొంతభాగం అచ్చయినప్పుడు ఆ మెరిసే కార్డుల మీద పువ్వు గుర్తు పడకుండా పోయింది. తరువాత సరిదిద్దారు. గుర్తు లేనివాటిని సేకరణదారులు అచ్చుపొరపాటు రకంగా విడిగా వెతుక్కుంటారు గనుక మామూలు ప్రతికంటే కొంత ఎక్కువే పలుకుతాయి. అమ్మేటప్పుడు ఆ సంగతి పేరులోనే రాయాలి, లేకపోతే వెతికేవారికి కనపడదు.

చారిజార్డ్ మీరు చెప్పిన లక్షణాలను బట్టి అన్‌లిమిటెడ్ విడతది. 3, 2 మిల్లీమీటర్ల అంచులంటే 60కి 40 నిష్పత్తి, అది పెద్ద లోపం కాదు. అంచుల తెలుపు కొంత తగ్గిస్తుంది. అన్నింటికంటే మడత ఎక్కువ తగ్గిస్తుంది. పీఎస్ఏ వంటి సంస్థలు ఒకటి నుంచి పది వరకు అంకె ఇస్తాయి; మడత ఉన్న కార్డు మిగతా విధాలుగా ఎంత శుభ్రంగా ఉన్నా నాలుగు దాటడం చాలా కష్టం. వదినగారు చదివిన వార్త బహుశా 2022 మార్చిలో 4,20,000 డాలర్లకు అమ్ముడైన చారిజార్డ్‌ది అయి ఉంటుంది. అది ఫస్ట్ ఎడిషన్ ముద్రతో, పీఎస్ఏ పది అంకెతో ఉన్నది. బొమ్మ మీ దాని మీద ఉన్నదే, అంకె 4/102 కూడా ఒకటే, అయినా విలువ దృష్ట్యా ఆ రెండు కార్డులకు సంబంధం లేదు. ఈ మాట ఆమెకు నెమ్మదిగా చెప్పండి.

విలువ కట్టే పద్ధతికి వస్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు. ఈబేలో ఒకరు లక్ష అడిగారంటే దాని విలువ లక్ష అని కాదు. అడగడానికి ఎవరికీ అడ్డు లేదు. వెతికిన తరువాత "సోల్డ్ ఐటమ్స్" అన్నదాన్ని ఎంచుకుంటే సుమారు గత మూడు నెలల్లో నిజంగా అమ్ముడైనవి కనిపిస్తాయి. అందులోనూ ధర మీద అడ్డగీత ఉన్నవాటిని వదిలేయండి, అవి బేరమాడి తక్కువకు తెగినవి, తెగిన ధర అక్కడ కనిపించదు. మీ కార్డుకు సెట్, అంకె, విడత, భాష, దెబ్బతిన్న తీరు అన్నీ సరిపోయినవాటినే ఎంచుకోండి. మడత ఉన్న చారిజార్డ్‌కు మడత ఉన్న చారిజార్డ్ ఫోటోలే ఆధారం కావాలి. అలా దొరికిన వాటిలో మరీ ఎక్కువ, మరీ తక్కువ వదిలేసి మధ్యవి చూస్తే నమ్మదగిన అంకె వస్తుంది. కార్డులు అమ్మే టీసీజీప్లేయర్ వెబ్‌సైట్‌లో "మార్కెట్ ప్రైస్" అని చూపేది కూడా జరిగిన అమ్మకాల ఆధారంగా ఉన్నదే. అక్కడ కార్డు స్థితిని బట్టి, దాదాపు కొత్తది నుంచి దెబ్బతిన్నది వరకు వరుసగా, నియర్ మింట్, లైట్లీ ప్లేడ్, మోడరేట్లీ ప్లేడ్, హెవిలీ ప్లేడ్, డ్యామేజ్డ్ అని పేర్లుంటాయి. మీ చారిజార్డ్‌ను హెవిలీ ప్లేడ్ ధరతో పోల్చి చూడండి. మీరు ఆశగా ఒక మెట్టు పైకి ఎక్కించుకున్నా కొనేవాడు ఎక్కించడు.

వచ్చిన ధర మొత్తం చేతికి రాదు. 60 డాలర్లకు అమ్ముడయ్యే కార్డు ఉన్నదనుకుంటే, ఈబే కోత 13 శాతం పైమాటే గనుక అక్కడే ఎనిమిది డాలర్లు పోతాయి. ఇక్కడి నుంచి పంపే ఖర్చు, బీమా, డబ్బు మార్పిడి రుసుము ఇంకా ఉన్నాయి. దుకాణదారుడికి అమ్మితే ఇవేవీ ఉండవు, కానీ అతడు మళ్లీ అమ్మి లాభం తీయాలి గనుక మార్కెట్ ధరలో కొంత భాగమే ఇస్తాడు. అది అన్యాయం కాదు. వృత్తం గుర్తున్న కార్డులను ఒక్కొక్కటిగా అమ్మాలని చూడకండి. వాటిని కట్టల లెక్కనే కొంటారు.

సూర్యాపేట_పాతబజారు (సూర్యాపేట):

నా అభిప్రాయం కాస్త వేరు. చారిజార్డ్, స్నోర్లాక్స్ రెండింటినీ గ్రేడింగ్‌కు పంపడమే మంచిదని నేను అనుకుంటున్నాను. మన దేశంలో కొనేవారు నకిలీల భయంతో పెట్టె తెరిచి చూడకుండానే వెనక్కి తగ్గుతారు. పీఎస్ఏ, బెకెట్, సీజీసీ వంటి సంస్థల పేరుతో గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి ఉంటే అసలుదా కాదా అన్న వాదనే ఉండదు. అంకె మూడో నాలుగో వచ్చినా నమ్మకానికి విలువ ఉంటుంది. మనం విదేశాలకు నేరుగా పంపనవసరం లేదు, చాలామంది కార్డులను పోగుచేసి పంపే మధ్యవర్తుల ద్వారా పంపుతారు.

పాలమూరు_కార్డులు (మహబూబ్‌నగర్):

నకిలీల భయం గురించి మీరు చెప్పినది నిజం, చారిజార్డ్ విషయంలో మీ వాదనకు బలముంది. కానీ లెక్క వేయకుండా ఎవరూ పంపకూడదు. ఒక్కో కార్డుకు రుసుము ఉంటుంది, విలువ ఎక్కువైతే ఆ రుసుము కూడా పెరుగుతుంది, రానుపోను ఖర్చులు, మధ్యవర్తి కమీషన్ అదనం, నెలల నిరీక్షణ అదనం. పలకలో ఉన్న మూడో అంకె కార్డు అమ్ముడైన ధర నుంచి ఆ ఖర్చులన్నీ తీసివేస్తే మిగిలేది, ఇప్పుడున్నట్టే అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువ ఉండాలి. చారిజార్డ్‌కు అది సరిపోవచ్చు. స్నోర్లాక్స్‌కు మూలలు పదునుగా, ముఖం గీతలు లేకుండా ఉంటేనే ఆలోచించాలి. మెరుపు లేని జంగిల్ కార్డులకు అసలు వద్దు.

పలకలో ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని కొనకూడదని కొత్తవారికి ఒక హెచ్చరిక. ఆ పలకలకు కూడా నకిలీలు వస్తున్నాయి. పలక మీది ధ్రువపత్రం సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వేసి, అక్కడి వివరాలను, ఫోటో ఉంటే ఫోటోలోని చుక్కను, గీతను చేతిలోని కార్డుతో సరిచూసుకోవాలి.

జోగులాంబ_ముంగిట (గద్వాల):

పెట్రోలు సలహాను ఉపసంహరించుకుంటున్నాను, కార్డుల వార్నిష్ గురించి చెప్పినది సబబుగా ఉంది. ఆ యువకుడితోగానీ మరొకరితోగానీ బేరం కుదిరితే ఒక జాగ్రత్త తీసుకోండి. డబ్బు పంపుతున్నానంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటే వెంటనే ఆపేయండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచే పోతుంది.

సాగర్_ఎడమకాలువ (మిర్యాలగూడ):

ఇన్ని వివరాలు ఓపికగా చెప్పిన అందరికీ మరోసారి కృతజ్ఞతలు. హెవిలీ ప్లేడ్ చారిజార్డ్‌ల అమ్మకాలు చూసిన తరువాత, మొత్తం డబ్బాకు పదిహేను వేలన్నది మరీ ఘోరమైన ధర కాదు గానీ చారిజార్డ్, స్నోర్లాక్స్ రెండింటినీ అందులో కలిపితే తక్కువే అవుతుందని నాకు అర్థమైంది. ఆ రెండింటినీ పక్కన పెట్టి, జంగిల్ ఫస్ట్ ఎడిషన్ కార్డులను విడిగా, మామూలు కార్డులను కట్టగా అమ్ముతానని, నకిలీలను నకిలీలనే చెప్పి వేరు చేశానని ఆ యువకుడికి చెప్పాను. అతడు కోపగించుకోలేదు, జంగిల్ కార్డుల ఫోటోలు ముందూ వెనుకా పంపమన్నాడు. అన్న కొడుకుకు కూడా అంతా వివరించాను. చారిజార్డ్‌ను గ్రేడింగ్‌కు పంపాలా వద్దా అన్నది వాడే నిర్ణయిస్తానన్నాడు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. మూడు ఫాసిల్ కార్డుల మీద అక్షరాలు నిండు నలుపుగానే ఉన్నాయి, మధ్య పొర గీత కూడా కనిపిస్తున్నది, కానీ ఎనర్జీ కార్డు పక్కన పెట్టి చూస్తే వాటి నుంచి వెలుతురు కాస్త ఎక్కువగా వస్తున్నది. వీటిని ఏ వైపు వేయాలో తెలియడం లేదు.

అచ్చుయంత్రం (నల్లగొండ):

మీరు పోల్చిన ఎనర్జీ కార్డు మొదటి సెట్‌ది, ఆ మూడు కార్డులు ఫాసిల్‌వి. అట్ట లాటు మారితే వెలుతురు కొంత తేడాగా రావడం మా వృత్తిలో రోజూ చూసేదే. ఫాసిల్ సెట్‌లోనే వృత్తం గుర్తున్న మామూలు కార్డు ఒకటి తీసి దానితో పోల్చండి. రెండింటి వెలుతురు ఒకే తీరుగా ఉంటే అసలువాటి వైపు వేయవచ్చు. అప్పటికీ సందేహం తీరకపోతే నల్లగొండ వచ్చినప్పుడు ఆ మూడింటినీ, పోల్చడానికి నాలుగైదు మామూలు ఫాసిల్ కార్డులనూ కవర్లలో పెట్టుకుని రండి. గడియారం స్తంభం దాకా వచ్చి ఇక్కడే సందేశం పెడితే ప్రెస్సు దారి చెబుతాను. మైక్రోమీటరుతో అట్ట మందం కొలిచి, పెద్ద లూప్ కింద ప్లేటు చుక్కలు చూసి చెబుతాను. సాయంత్రం ఐదు దాటాక మిషన్లు ఆపుతాం గనుక అప్పుడు తీరిగ్గా చూడటానికి వీలవుతుంది.